తలుపులు ఎవరి వాటా

ఫిబ్రవరి 2, ఆదివారం

ఇవాళ షెడ్డులో సుద్దముక్కతో గీత గీశాం. గీశాం అంటే బావగారు గీశారు. నేను ఇటు నిలబడి చూశాను, అక్క అటు నిలబడి చూసింది. మధ్యలో నాన్న కారు, టాపు లేకుండా, చక్రాలు లేకుండా, చెక్కదిమ్మల మీద కూర్చుని ఉంది. ముందు రెండు దిమ్మలు నేను పెట్టినవి, వెనక రెండూ ఆవిడ పెట్టినవి.

డాష్‌బోర్డు దాకా నాది. అంటే ఇంజను, గేర్లు, ముందు అద్దం. సీట్లు, మడత టాపు, డిక్కీ అక్కవి. కుట్లు టీచరుగా రిటైరైన మనిషికి కారు టాపు కుట్టడం ఒక లెక్కా అని ఆవిడ ధీమా. పళ్ళ క్లినిక్కులో కట్టుడు పళ్ళు చేసుకునే నాకు ఇంజనుతో ఏం పని అన్నది కూడా ఆవిడ ధీమాయే.

"మరి తలుపులు ఎవరి వాటా?" అని అడిగారు బావగారు.

"మీ ఆవిడ వాటా" అన్నాను. సరిగ్గా అప్పుడే అటునుంచి "మీ మరదలి వాటా" అని వినపడింది. చివరికి తలుపులూ, వాటి కింద ఉన్నదంతా ఎవరి వాటా కూడా కాదని తేల్చి, ఆయన సుద్దముక్క జేబులో వేసుకున్నారు.

నాన్న పోయాక అక్కతో నేను మాట్లాడలేదు. పని మీద వేరే ఊరు వెళ్ళి వచ్చేసరికి ఆయన గది ఊడ్చి కడిగేసి ఉంది. కుర్చీ లేదు, చొక్కాలు లేవు, కళ్ళజోడు కూడా లేదు. అన్నీ ఎవరెవరికో ఇచ్చేసింది. నన్ను ఒక్క మాట అడగలేదు. కారు ఎందుకు మిగిలిందంటే దానికి చక్రాలు లేవు కాబట్టి.

ఒప్పందం ఏమిటంటే, కారు బాగుచేసి, దాన్ని ప్రాణంలా చూసుకునే మనిషికెవరికైనా ఇచ్చేస్తాం. అది గేటు దాటిన మర్నాడు అక్కా బావగారూ పైవాటా ఖాళీ చేసి ఫ్లాటుకి మారిపోతారు. ఫ్లాటు చూసుకున్నారు కూడా. నాకు చాలా సంతోషంగా ఉంది. డాబా మొత్తం నాదే.

ఫిబ్రవరి 9, ఆదివారం

కార్బురేటరు విప్పాను. పిప్పిపన్ను గీకే కొక్కెంతో దాని సందులన్నీ గీకితే, పాత పెట్రోలు పాచి పొరలు పొరలుగా వచ్చింది. కొంతమంది పేషెంట్ల నోళ్ళకంటే శుభ్రంగానే ఉంది.

బావగారు వచ్చి చూసి వెళ్ళారు. ఆయన టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో పనిచేసి రిటైరయ్యారు, ఇటు మాట అటు కలపడం ఆయనకి వెన్నతో పెట్టిన విద్య. మా ఇద్దరికీ ఆయనే లైను. పొద్దున్న పైన ఒక టీ, కింద ఒక టీ తాగుతారు. మళ్ళీ మెట్లు దిగి వచ్చి, "మీ అక్క ఏమందో తెలుసా? దాని చేతిలో బంగారం ఉందండీ, అంది" అన్నారు.

అక్క అలా అంటుందా? చిన్నప్పుడు నేను గీసిన బొమ్మ చూసి ఇది ఆవా, బల్లా అని అడిగిన మనిషి. కానీ వయసు మీద పడ్డాక మనుషులు మారతారు కదా. పోనీలే అని, "టాపుకి ఎంచుకున్న బట్ట నాసిరకం, నాలుగు చినుకులకే చిరుగుతుంది" అని పైకి కబురు పంపాను.

ఫిబ్రవరి 14

అక్క టాపు కొలత తప్పింది. విప్పి మళ్ళీ కుడుతోందట. హాయిగా నిద్ర పడుతుంది ఇవాళ.

ఫిబ్రవరి 20

గేరు కర్ర మీద ఉండే గుండు ఎప్పుడో పోయింది. బజారంతా వెతికినా దొరకలేదు. దొరకకపోతే ఏం, నాకు చెయ్యడం రాదా? క్లినిక్కులో మిగిలిన పదార్థంతో అచ్చుపోసి, ఉడికించి, మెరుగుపెట్టి బిగించాను. కట్టుడు పళ్ళకి వాడే చిగుళ్ళ రంగు. లేత గులాబీ. చేతికి నున్నగా తగులుతోంది.

అక్క షెడ్డుకి వచ్చి దీన్ని చూసి వెళ్ళాక పైనుంచి పెద్ద కేక వినపడింది. ఏమిటని అడిగాను. "ఆనందం పట్టలేకపోయిందమ్మా" అన్నారు బావగారు.

ఆనందమే అయ్యుండాలి. స్టీరింగు పగుళ్ళు కూడా దాంతోనే పూడ్చేస్తాను. మిగిలితే హారను మీటకి కూడా.

మార్చి 1

అక్క మళ్ళీ విప్పింది. కుడి పక్క కుట్టు. పాపం, ఇన్నేళ్ళు పిల్లలకి ఏం నేర్పిందో!

మార్చి 3

టాపుని ముందు అద్దం చట్రానికి పట్టి ఉంచే గడియలు రెండూ పూర్తయ్యాయి. ఇవి నా వాటా, వీటి కోసం అక్క ఎదురుచూస్తోంది. ఇవి బిగిస్తే టాపు పని అయిపోయినట్టే. ఎంత బాగా కుదిరాయో! రేపు ఇచ్చేస్తాను.

మార్చి 4

ఇంకొంచెం మెరుగు పెట్టాలి.

మార్చి 8

"గడియలు ఏమయ్యాయని అడుగుతోందమ్మా" అన్నారు బావగారు. మెరుగు కుదరలేదని చెప్పమన్నాను. నా పని నాకు పద్ధతిగా ఉండాలి. అంతే. వేరే కారణం ఏమీ లేదు.

మార్చి 13

గడియలు రెండూ కొంగున ముడి వేసుకుని క్లినిక్కుకి వెళ్ళాను. మధ్యాహ్నం ఖాళీ దొరికితే మెరుగు పెడదామని. ఖాళీ దొరికింది. పెట్టలేదు. మెరుగు పెట్టడానికి అందులో ఇంక ఏమీ మిగల్లేదు.

మార్చి 16, ఆదివారం

ఫ్లాటు ఆయన ఫోను చేశాడట, ఈ నెలాఖరుకి వస్తారా రారా తేల్చండి అని. వస్తామనే చెప్పి ఉంటుంది. అక్క ఎప్పుడైనా ఆలస్యంగా తేల్చిందా? నాకేం? పైన మంచాలు జరిపే చప్పుడు తప్పుతుంది. పొద్దున్నే లేచి దగ్గే దగ్గు కూడా తప్పుతుంది. ఆ దగ్గుకే నేను లేస్తానన్నది వేరే సంగతి, అలారం పెట్టుకుంటాను.

నేను బయటికి వెళ్ళినప్పుడు, అతుకుల పనికి పిలిచిన వెల్డరు వచ్చి కారు కింద దూరి చూశాడట. అక్కతో ఏదో చెప్పి వెళ్ళాడు. అక్క బావగారితో చెప్పింది. బావగారు నాతో చెప్పారు. "అన్నీ జాగ్రత్తగా చేసుకోమని మీ అక్క ప్రత్యేకంగా చెప్పమందమ్మా."

ఇంత మర్యాద ఎప్పుడు నేర్చుకుందో!

మార్చి 19

సెలవు పెట్టాను. నా వాటాలో తుప్పు గోకుతూ పోతే అది డాష్‌బోర్డు దగ్గర ఆగలేదు. తలుపుల కింద, ఈ చివర నుంచి ఆ చివరకి పోయే ఇనప దూలంలోకి పాకింది. వేలితో నొక్కితే అప్పడంలా విరిగింది. తుప్పుకి సుద్దగీత తెలియదు కదా. కటింగ్ మిషను తెచ్చి రెండు వైపులా కుళ్ళిన ముక్క కోసి పారేశాను. కొత్త ముక్కలు వెల్డరు వచ్చి వేస్తాడు.

ఎవరిదీ కాని చోట పని చేశాను. అక్కకి తెలిస్తే ఒళ్ళు మండుతుంది. తెలియాలనే ఉంది.

మార్చి 23, ఆదివారం

ఉన్నది ఉన్నట్టు రాస్తాను.

పొద్దున్న నేను షెడ్డుకి వెళ్ళేసరికి అక్క టాపు ఎక్కించేసింది. గడియలు ఇచ్చేదాకా ఆగలేక, ముందు అంచుని చెప్పుల జిగురుతో ముందు అద్దం చట్రానికి అతికించి, వరసగా చిన్నచిన్న మేకులు కొట్టేసింది. ఇంక దాన్ని పీకాలంటే బట్ట చింపాల్సిందే. లోపల బావగారు, తలుపులు రెండూ వేసుకుని, సీటు మీద మోకాళ్ళ మీద కూర్చుని, అక్క చెప్పిన చోటల్లా తలతో బట్టని పైకి నొక్కుతున్నారు.

నన్ను చూసి అక్క అటు తిరిగి, "ఏవండీ, మీ మరదలితో చెప్పండి, ఆవిడ గడియలు ఆవిడే చెవులకి పెట్టుకోమనండి" అంది.

బావగారు చెప్పబోయారు. ఆయన ఇటు ఒరిగారు. కింద నుంచి టప్ మని ఒక చప్పుడు వచ్చింది, తర్వాత పెద్ద మూలుగు. బావగారిది కాదు, కారుది. కారు మధ్యలో కిందకి దిగింది. ముక్కు లేచింది, తోక లేచింది. నా దిమ్మలు ముందు, ఆవిడ దిమ్మలు వెనక, నడుమ కింద గాలి. తలుపులు రెండూ చట్రంలో బిగుసుకుపోయాయి.

నేను ఇటు లాగాను, అక్క అటు లాగింది. ఊహూ. తలుపుల అద్దాలు సగం పైకి లేచి ఆగిపోయి ఏళ్ళయింది, వాటిని బాగుచేద్దామంటే తలుపులు ఎవరి వాటా కూడా కావు కదా. ఆ సందులోంచి బావగారి తల వచ్చింది, భుజం వచ్చింది, బొజ్జ రాలేదు.

"ఏవండీ, మీ మరదల్ని అడగండి, ఏం నిర్వాకం చేసిందో!"

"బావగారూ, మీ ఆవిడతో చెప్పండి, నేనేం చెయ్యలేదని!"

బావగారు తల, భుజం మళ్ళీ లోపలికి లాక్కున్నారు.

"ఏవండీ!"

"నేను ఈ ఉద్యోగం మానేశాను" అన్నారు బావగారు, వెనక ఉన్న ప్లాస్టిక్ కిటికీలోంచి మా ఇద్దర్నీ చూస్తూ. "ఇంక లైను కలపను. ఏం కావాలో మీరూ మీరూ చూసుకోండి. ముందు నన్ను బయటికి తియ్యండి."

అక్క వంగి కారు కిందకి చూసింది. లేచేసరికి మొహం ఎర్రగా ఉంది. "దూలం కోసేసింది! వెల్డరు చెప్పినదంతా మీకు చెప్పానా లేదా? పైకప్పు ఉన్న బండైతే ఆ కప్పు పట్టి ఉంచుతుంది, దీనికి ఆ దూలాలే వెన్నెముక, తలుపుల మధ్య అడ్డకడ్డీలు వేసేదాకా ఆ మొండిఘటాన్ని మిషను ముట్టుకోవద్దనండి, ముట్టుకుంటే కారు నడుం విరుగుతుందనండి అని. చెప్పానా?"

"జాగ్రత్తగా చేసుకోమందని చెప్పారు" అన్నాను.

"అంతేనా?"

"ప్రత్యేకంగా చెప్పమందని కూడా చెప్పారు."

ఇద్దరం ప్లాస్టిక్ కిటికీ వైపు తిరిగాం. ఆయన మెల్లిగా కిందకి జారి కనపడకుండా పోయారు.

నాకు ఏదో అనుమానం తగిలింది. "నా చేతిలో బంగారం ఉందని అన్నావా?"

"నేనా? ఆ గులాబీ గుండు చూసి, కారు నోరు తెరిచినట్టుంది, అసహ్యం అన్నాను. మరి నువ్వు? నా కుట్టు చూస్తే మిషను కూడా సిగ్గుపడుతుందని మెచ్చుకున్నావటగా?"

"నాసిరకం బట్ట, చినుకులకే చిరుగుతుంది అన్నాను!"

"ఓహో!"

"ఓహోయే!"

"మాట్లాడుకుంటున్నారు" అన్నారు బావగారు లోపల నుంచి, నెమ్మదిగా, ఎవరికీ చెప్పనట్టు.

నిజమే. ఎప్పుడు మొదలుపెట్టామో తెలియనే లేదు.

అక్క వెళ్ళి పెద్ద కత్తెర తెచ్చింది. "జరుగు. టాపు కోసేస్తాను. మనిషి ముఖ్యం, గుడ్డదేముంది?" కత్తెర తెరిచింది. అప్పుడే నేను ఆ టాపుని మొదటిసారి దగ్గర నుంచి చూశాను. కుట్టు అన్నది గీత గీసినట్టు ఉంది. ఆ గీత మీదే, కుట్టుకీ కుట్టుకీ మధ్య, పాత సూది రంధ్రాలు. ఒక కుట్టు తప్పయితే విప్పి, పక్కకి జరిపి కుడతారు. ఇది జరగలేదు. సరిగ్గా ఉన్న కుట్టునే విప్పి, సరిగ్గా అదే చోట మళ్ళీ కుట్టింది. ఒకసారి కాదు, చాలాసార్లు.

"ఆగక్కా!" అన్నాను.

ఆగింది. నేను కొంగు ముడి విప్పి గడియలు తీసి ఆవిడ చేతిలో పెట్టాను. అద్దాల్లా మెరుస్తున్నాయి. అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఎప్పుడు చేశావు ఇవి?"

"ఈ నెల మొదట్లోనే."

"దొంగ మొహమా" అంది. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆ మాట కోసం ఇన్నాళ్ళు కాచుకుని కూర్చున్నట్టు అనిపించింది, అదీ నిజమే.

వెల్డరుకి ఫోను చేశాం. ఊళ్ళో లేడు. చెప్పినదంతా విని, బావగారు బాగానే ఉన్నారని తెలిశాక కాసేపు నవ్వి, తర్వాత పని చెప్పాడు. నడుం కింద రెండు వైపులా రెండు జాకీలు పెట్టండి. ఇద్దరూ ఒక్కసారే, కొంచెం కొంచెంగా లేపండి. ఒకరు తొందరపడితే మొత్తం మెలి తిరుగుతుంది. తలుపు సందు చూసుకుంటూ ఉండండి. కిందకి మాత్రం దూరొద్దు.

మా దగ్గర ఒక జాకీయే ఉంది. రెండోదాని కోసం ఎదురింటి టాక్సీ డ్రైవరుకి ఫోను చేస్తే, ఒక బేరం దింపి వస్తానన్నాడు. అందాకా ఏం చెయ్యాలి? టీ పెట్టాను. సందులోంచి బావగారికి గ్లాసు అందించాం, బిస్కెట్లు నిలువుగా పెడితే పట్టాయి. మేమిద్దరం ఆ దిమ్మల పక్కనే నేల మీద కూర్చున్నాం.

"ఆ గది నువ్వొచ్చాక సర్దుదామనే అనుకున్నాను" అంది అక్క, అడక్కుండానే. "ఆ కుర్చీ చూసినప్పుడల్లా నాకు ఊపిరాడలేదే. నువ్వొస్తే దాన్ని పట్టుకుని ఏడుస్తావు. నువ్వేడిస్తే చూడలేను. నువ్వొచ్చేలోగా అంతా తీసేస్తే సరిపోతుందనుకున్నాను."

"నన్ను అడగాల్సింది."

"అడగాల్సింది."

ఆవిడ తప్పు ఒప్పుకోవడం నేను పుట్టి బుద్ధెరిగాక వినలేదు. నాకు ఏడుపొచ్చింది. ఆవిడకీ వచ్చింది. ఇద్దరం ఒకరి కొంగు ఒకరం లాక్కుని మొహాలు తుడుచుకుంటుంటే, లోపల నుంచి బావగారు, "నేను అడ్డం రావడం లేదు గానీ, ఆ టీ తాగకుండా ఉండాల్సింది. నాకు అవసరం పడుతోంది" అన్నారు.

"పడనీండి" అంది అక్క. "బంగారం, సిగ్గుపడే మిషను! ఇంకేం చెప్పారో గుర్తు చేసుకుంటూ కూర్చోండి."

ఇంకో కప్పు టీ తాగాం.

జాకీ వచ్చింది. నేను ఈ పక్క, అక్క ఆ పక్క. మధ్యలో కారు ఉండడంతో ఒకరికొకరం కనపడం. అరవడం తప్ప దారి లేదు.

"లేపు!"

"ఎంత?"

"కొంచెం! కొంచెమంటే నీ కొంచెం కాదు, నా కొంచెం!"

"నీ సందు ఎంతుంది?"

"వేలు పట్టడం లేదు. నీది?"

"సూది పడుతోంది. నువ్వాగు, నేను లేపుతాను!"

"నువ్వే ఆగు! ఇద్దరం అన్నాడు వాడు!"

మూడు ఇళ్ళ అవతలికి వినపడి ఉంటుంది. కారు మూలుగుతూ మూలుగుతూ లేచింది. లోపల బావగారు తల పట్టుకుని కూర్చున్నారు. చివరికి నా వైపు తలుపు దానంతట అది కిర్రుమని తెరుచుకుంది. బావగారు దిగి, మా ఇద్దర్లో ఒక్కరి వైపు కూడా చూడకుండా ఇంట్లోకి పరుగెత్తారు.

టాపు చెక్కు చెదరలేదు. ఆ మాట అక్కకి నేనే చెప్పాను. బట్ట నాసిరకం కాదని కూడా చెప్పాను. ఆవిడ నా గులాబీ గుండు గురించి మాత్రం ఏమీ వెనక్కి తీసుకోలేదు.

మార్చి 24

వెల్డరు వచ్చి తలుపుల మధ్య అడ్డకడ్డీలు వేశాడు. నడుం కింద దిమ్మలు కూడా పెట్టాడు. అవి ఎవరి దిమ్మలు అని ఎవరూ అడగలేదు.

మార్చి 27

ఒళ్ళంతా నొప్పులు. అక్కకీ అంతేనట. మెట్ల మీద కూర్చుని ఒకరి వీపుకి ఒకరం మందు రాసుకున్నాం. ఆవిడ చెయ్యి ఎంత బరువో మరిచిపోయాను.

ఫ్లాటు మాట ఆవిడ ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. నెలాఖరు వచ్చేస్తోంది. ఇప్పుడు మాటలు కలిశాక పోతే, మాటల్లేనప్పుడు పోయినదానికంటే ఎక్కువ బాధ. డాబా మొత్తం నాదే అని మొదట్లో రాసుకున్నాను. ఏం చేసుకోను డాబాని?

మార్చి 30, ఆదివారం

పొద్దున్నే రంగు గురించి మొదలైంది. నాన్న కారు ఆకుపచ్చదని అక్క అంటుంది. నీలం అని నాకు బాగా గుర్తు. తలుపు అంచున గోకి చూస్తే, కింద రెండు రంగులూ ఉన్నాయి, వాటి కింద ఇంకో రంగు ఉంది. దాంతో ఇద్దరికీ బలం వచ్చింది. షెడ్డులో మొదలై, వంటింట్లోకి వచ్చి, మెట్లెక్కి, డాబా మీద ముదిరింది. ఆవిడ నన్ను మొండిఘటం అంది. నేను ఆవిడని హెడ్మాస్టరమ్మ అన్నాను. అలాగైతే మొత్తం గేరు గుండు రంగే వేయిస్తాను, గులాబీ కారు అవుతుంది, చచ్చినట్టు అందరూ చూస్తారు అన్నాను.

అక్క నా మొహం ముందు వేలు ఆడిస్తూ, "గులాబీ రంగు వేశావంటే చేతులు విరగ్గొడతాను! నిన్ను నమ్మి ఈ కారుని ఒక్క రోజు వదలను, ఎవరికీ ఇవ్వను కూడా. ఆ ఫ్లాటు వాడికి రామని నిన్ననే చెప్పేశాను. ఏం చేస్తావో చేసుకో, ఇక్కడే కూర్చుంటాను!" అంది. విసురుగా దిగిపోయి తలుపు దభాలున వేసుకుంది.

నేను డాబా పిట్టగోడని ఆనుకుని నిలబడిపోయాను. కింద తలుపు మళ్ళీ తెరుచుకున్న చప్పుడు, మళ్ళీ దభాలుమన్న చప్పుడు. ఆవిడ కోపం ఒక్క దెబ్బకి ఎప్పుడూ తీరదు.

కాసేపటికి బావగారు మెట్లెక్కి వచ్చారు. మానేసిన ఉద్యోగంలో మళ్ళీ చేరినట్టున్నారు. చుట్టూ చూసి, గొంతు తగ్గించి, "మీ అక్క నిన్ను వదిలి ఉండలేనంటోందమ్మా" అన్నారు.

"లేదు బావగారూ. గులాబీ రంగు వేస్తే చేతులు విరగ్గొడతానంది. నా ఎదురుగా నిలబడి అంది, నా చెవులతో నేనే విన్నాను."

"అదేగా నేను చెప్పేది" అన్నారు బావగారు.